రెండు మూటల బావ

పోయిన వారం అక్క ఫోన్ చేసింది. మా అక్క ఫోన్‌లో కుశలం అడిగే మనిషి కాదు. చెప్పాల్సిన పని చెప్పి పెట్టేయడానికే ఆ వస్తువు పుట్టిందని ఆమె గట్టి నమ్మకం. "కాయ ఆరిందిరా. ఆదివారం వచ్చి తూచిపో" అంది, పెట్టేసింది. ఏటా చెనిక్కాయ, అదే వేరుశనగ, పీకి, కాయ తెంపి, ఎండలో పోసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గింజ గలగలమనేదాకా ఆరబెట్టినాక ఈ ఫోన్ వస్తుంది. నేను అనంతపురంలో ఉరవకొండ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో వాళ్ల ఊరు చేరి, రెండు మూటల కాయ తూచి, రేకుల షెడ్డులో ఉన్న ఒక పాత ఎర్ర కారులో డ్రైవరు సీటు మీద వాటిని కూర్చోబెట్టి, సాయంత్రం బస్సుకు తిరిగి వస్తాను. బస్సులో పక్కనున్నవాళ్లు ఏం పని మీద పోతాండావప్పా అని అడిగితే అక్కను చూసేదానికి అని చెబుతాను. అది అబద్ధం కాదు. మిగతాది చెప్పడం మొదలుపెడితే ఉరవకొండ వచ్చేలోగా అయ్యేది కాదు. ఈసారి మాత్రం అక్క ఎప్పటిలా రెండు మూటలు అనలేదని ఫోన్ పెట్టేసిన తర్వాత తట్టింది.

ఆ కారు మా బావది. బావకు ఉరవకొండలో ట్రాక్టరు సామాన్ల అంగడి ఉండేది, ఊళ్లో వాన మీద ఆధారపడ్డ చేను ఉండేది. చేను పండిన ఏడు అంగడి నడిచేది. పండని ఏడు అది ఊరి పెద్దమనుషులు టీ తాగుతూ ప్రభుత్వాలను కూలదోసే చోటుగా మారిపోయేది. మనిషి నిండుగా ఉండేవాడు. పెద్ద గొంతు, పెద్ద మీసం, పెద్ద ఆకలి. ఏటా రక్తం ఇచ్చే అలవాటు వల్ల తన బరువు ఆయనకు కంఠతా వచ్చు. డెబ్బై ఎనిమిది కిలోలని, అదేదో చదువుకున్న డిగ్రీ అయినట్టు చెప్పుకునేవాడు. వాళ్లకు పిల్లల్లేరు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అక్క పెళ్లయిన కొత్తలో బావను చూసి భయపడిన నేను, తర్వాత్తర్వాత ఆయన చేతికింద పని చేసే కూలీగా స్థిరపడ్డాను. అనంతపురంలో కాలేజీ పిల్లలకు వారమంతా లెక్కలు చెప్పి, ఆదివారం వచ్చి బావకు టేపు పట్టేవాణ్ణి. "మా బామ్మర్ది పెద్ద చదువు చదివినాడు, టేపు మీద అంకెలన్నీ తప్పు లేకుండా చదువుతాడు" అని అందరికీ పరిచయం చేసేవాడు.

కారును బెంగుళూరులో ఒక పళ్ల డాక్టరు దగ్గర కొన్నాడు. రెండే తలుపులు. పొట్ట నేలకు జానెడు ఎత్తులో ఉండేది. వయసు మళ్లినా ఇంజను మాత్రం మహా కోపిష్టిది. వెనక సీటు ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఉరవకొండ నుంచి ఊరికి పోయే దారిలో ప్రతి స్పీడు బ్రేకరు మీదా దాన్ని పాములా అడ్డంగా పాకించాల్సి వచ్చేది. అక్క మొదటి రోజు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "సంసారం చేసుకునేవాళ్లు కొనే కారేనా ఇది? ఒక మూట పట్టదు, ఒక ముసిలిమనిషి ఎక్కలేదు" అంది. తర్వాత రోజుల్లో దాంట్లో మూటలు కూర్చోబెట్టేది తనే అవుతుందని పాపం ఆమెకేం తెలుసు.

చెన్నై అవతల పందేల కార్లు తిరిగే ట్రాకు ఒకటుంది. కొన్ని ఆదివారాలు మామూలు మనుషులు కూడా తమ సొంత కార్లు తెచ్చుకుని, తలకు హెల్మెట్ పెట్టుకుని, అందులో తిప్పుకోవచ్చు. దాన్ని ట్రాక్ డే అంటారు. పోటీ లేదు, కప్పు లేదు. బావ ఈ సంగతి చెప్పినప్పుడు అక్క రొట్టె తట్టడం ఆపి, "బహుమతీ లేదు, ఊరు చేరేదీ లేదు. బయల్దేరిన చోటికే తిరిగి వచ్చేదానికి అంత దూరం పోవల్లనా?" అని అడిగింది. దానికి ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు. బావ దగ్గర కూడా లేదు కానీ, ఆయనకు జవాబులు లేకపోవడం ఎప్పుడూ అడ్డం కాలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పోయాడు.

ఆ ట్రాకులో ఒక పొడుగాటి మలుపుంది. ముగిసినట్టే ఉండి ముగియదు. మా ఎర్ర కారు దాంట్లోకి పోయేసరికి నిండు బిందె నెత్తిన పెట్టుకున్న మనిషిలా ఒక పక్కకు ఒరిగింది. బావ స్టీరింగు తిప్పుతున్నాడు, కారు ముక్కు మాత్రం ఆ మాట తనతో కానట్టు నేరుగా బయటికి పోతోంది. ఎన్నిసార్లు తిరిగినా అదే తీరు. ఒక ఆడపిల్ల నడుపుతున్న చిన్న తెల్ల కారు మమ్మల్ని ఆ మలుపు లోపలి వైపు నుంచి దాటి, మర్యాదగా చెయ్యి ఊపి పోయింది. వచ్చేటప్పుడు బావ చిత్తూరు దాటినాక ఒక టీ కొట్టు దగ్గర ఆపి, బల్ల మీద నీళ్లతో ఆ మలుపు గీశాడు. "కారు మంచిదేరా. దాన్ని ఎవరో ఎవరికోసమో కుదిర్చినారు. నాకు కుదరల్లంటే నేను కూర్చోనుండంగ కుదర్చల్ల. ఆ మలుపు ఒక్కసారి ఎట్ల తిరగల్లనో అట్ల తిరిగితే చాలు. మళ్ల దాని పేరెత్తితే చెప్పు తీసుకుని కొట్టు" అన్నాడు. బావ తన జీవితంలో దేన్నయినా అంత ఆశగా అడగడం నేను చూడలేదు. ఎందుకో ఆయన మీద నాకు జాలి కలిగింది. మళ్లీ ట్రాక్ డే మాఘంలో ఉందని తెలుసుకుని, దానికి పేరు రాయించాడు.

అప్పటి నుంచి షెడ్డులో పని మొదలైంది. మన ఎండకు రాళ్లలా గట్టిపడిపోయిన రబ్బరు బుష్షులన్నీ పీకి కొత్తవి వేశాడు. షాక్ అబ్జార్బర్లు మార్చాడు. మర తిప్పితే ఎత్తు పెరిగే, తగ్గే స్ప్రింగులు తెప్పించాడు. వెనక రెండు చక్రాలనూ కలిపే ఇనుప కడ్డీని తీసి, అంతకంటే లావుది బిగించాడు. దాంతో వెనక భాగం గట్టిపడి ముక్కు లోపలికి తిరుగుతుందట. టైర్లలో గాలి కొంచెం తీసి చూసేవాడు, కొంచెం కొట్టి చూసేవాడు. చూసేది ఎక్కడంటే, ఊరి బయట తారు వేసి ఇంకా తెరవని బైపాసు మీద. అక్కడ ఒక మంచి వంపు ఉండేది. కొండల మీద గాలిమరలు తిరుగుతుంటే కింద బావ తిరిగేవాడు. రోడ్డు సగం మేర రైతులు చెనిక్కాయ ఆరబోసుకునేవాళ్లు. వాళ్లు, "చూసుకుని పోప్పా, కాయ తొక్కేవు" అనేవాళ్లు. అంత కాయ ఆరుతుంటే దాని పక్కనే ప్రతి ఆదివారం తిరిగాం.

స్ప్రింగుల ఎత్తు సరిచేయాలంటే నడిపే మనిషి సీటులో ఉండాలి. మన కార్లలో డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు కాబట్టి ఆ పక్క బరువు ఎక్కువ. ఆ బరువుతోనే నాలుగు మూలలూ కుదరాలి. చిక్కెక్కడ వచ్చిందంటే, మర తిప్పేది కూడా బావే. ఇంకొకరి చేతికి స్పానరు ఇచ్చే రకం కాదు. ఒకే మనిషి సీటులోనూ కారు కిందా ఉండలేడు గదా. ఇలాంటప్పుడు వేరే ఊళ్లలో ఏం చేస్తారో నాకు తెలియదు. మా వైపు ఏ బరువు కావాలన్నా చెనిక్కాయే. అప్పుడే చేనులో కాయ తెంపుతున్నారు. వాళ్ల ఇంటి వసారాలో దూలానికి తాతల నాటి పెద్ద తక్కెడ వేలాడుతుండేది. గొలుసులకు రెండు చెక్క పలకలు, మూటలకు మూటలే తూగేవి. బావ ఒక పలక మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. అక్కా నేనూ రెండో పలక మీద గోనెసంచిలో కాయ పోయడం మొదలుపెట్టాం. "తులాభారమా సామీ? ఏ దేవునికి మొక్కుకున్నారు?" అంది అక్క. ఒక సంచి నిండినా బావ కదల్లేదు. రెండోది నిండవచ్చేసరికి మెల్లగా లేచాడు. పలకలు రెండూ సమానంగా నిలబడ్డాయి.

అట్లా బావ రెండు మూటలయ్యాడు. ఒకదాన్ని సీటులో నిలబెట్టి బెల్టు కట్టాం, ఇంకోదాన్ని కింద కాళ్లుండే చోట ఇరికించాం. వాటికి పై బావ, కింది బావ అని అక్కే పేరు పెట్టింది. పై బావ మెడకు ఒక టవలు కూడా చుట్టింది. ఆ రోజు మా ముగ్గురికీ చిన్నతనం వచ్చినట్టుంది. బావ పట్టుబట్టి నన్నొక పలక మీద, అక్కనొక పలక మీద కూర్చోబెట్టాడు. నా పలక ఇంచుమించు సమానంగా వచ్చి, రవ్వంత పైన ఆగింది. బావ వంగి, గుప్పెడు కాయ తీసి నా ఒళ్లో వేశాడు. పలకలు సరిపోయాయి. "చూసినావా, ఇన్నాళ్లూ మీ అక్క మీదకొచ్చే మాట నీకెందుకు తగల్లేదో. గుప్పెడు తక్కువ తూగినావు" అన్నాడు. అందులో అర్థమేముందో నాకు తెలియలేదు, ఆయనకూ తెలిసి ఉండదు. అయినా పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదొక ఆచారమైపోయింది. పని మొదలుపెట్టే ముందు మూటలు తెచ్చి ఒక పలక మీద పెట్టడం, బావ రెండో పలక మీద కూర్చోవడం, నేను తక్కెడ ముల్లు చూసి "సరిపోయింది బావా" అనడం. ప్రతిసారీ సరిపోయేది. కారు కూడా దారికొస్తోంది. బైపాసు వంపులో ఇదివరకటిలా ఒరగడం తగ్గింది, ముక్కు చెప్పిన మాట కొంచెం కొంచెం వింటోంది. బరువు తగ్గాలని బావ వెనక సీటు పీకేశాడు, స్టెప్నీ తీసేశాడు, పాటలు వినే పెట్టె కూడా తీసేశాడు. ఆ రోజుల్లోనే ఒకసారి భోజనం దగ్గర అక్క, "మీరు సంగటి ముద్ద సగమే తింటాండారు. బెల్టుకు కొత్త బొక్క పొడిచినారు. మనిషి చిక్కినారు" అంది. బావ చెయ్యి కడుక్కుని ఆమెను వసారాలోకి పిలుచుకొచ్చి, మూటలకు ఎదురుగా కూర్చున్నాడు. పలకలు ఇటు ఒక వెంట్రుక, అటు ఒక వెంట్రుక ఊగి నిలబడ్డాయి. "మనుషులు చెప్తారు అబద్ధాలు. తక్కెడ చెప్తాదా?" అన్నాడు. అక్క కాసేపు పలకల వంక చూసి లోపలికి పోయింది. ఆమె కళ్లు చూసినదాన్ని మా తక్కెడ కొట్టిపారేసింది. ఆ మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

మాఘంలో ట్రాక్ డేకి ఇంకో వారం ఉందనగా, ఉరవకొండలో చెనిక్కాయ మండీ నడిపే బావ స్నేహితుడు నాలుగు కరెంటు కాటాలు ఆటోలో వేసుకుని వచ్చాడు. కాయ సీజనులో అవి ఖాళీ ఉండవు. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెడితే ఏ మూల ఎంత బరువు పడుతోందో గ్రాములతో సహా తెలుస్తుంది. బావ పెళ్లికొడుకులా తయారై ఉన్నాడు. పొద్దున్నే తక్కెడలో కూర్చుని మూటలతో సరిచూసుకున్నాడు కూడా. మండీ స్నేహితుడు, "కారును తర్వాత చూద్దాం, ముందు మీ జమీందారును తూచుదాం" అని రెండు మూటలూ కాటా మీదకు ఎత్తించాడు. డెబ్బై ఎనిమిది చూపాల్సిన అంకె అరవై ఆరు దగ్గర ఆగింది. ఆయన ఒక క్షణం చూసి, పడీపడీ నవ్వాడు. "ఏమప్పా, పుట్టినప్పటి నుంచి కాయ పండిస్తాండావు. పచ్చికాయ తూచి మూట కట్టినావే. ఆరదా అది?" అన్నాడు. నాకు సిగ్గనిపించింది, బావకు మాత్రం నవ్వాగలేదు. "ఆరితే తగ్గుతాదని తరుగు తీయకుండా మా కాయ ఎప్పుడన్నా కొన్నారా వీళ్లు? ఆ మాటే మర్సిపోయినా చూడు" అన్నాడు. నిజానికి మరిచిపోయింది అందరం. మూట కట్టి, పేరు పెట్టి, మెడకు టవలు చుట్టినాక అది మా కళ్లకు చెనిక్కాయ కాకుండా పోయింది.

అక్క మజ్జిగ గ్లాసులు పట్టుకుని గడపలో నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు. "కాయ ఆరింది, సరే" అంది. "పొద్దున ఈయన దానికి సరిపోయినాడు గదా."

మండీ స్నేహితుడి నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియలేదు. బావ చెప్పులు విడిచి, మూటలు దించి, కాటా ఎక్కాడు. అంకెలు కాస్త తడబడి, మూటలు చూపిన చోటే వచ్చి నిలిచాయి. బావ వంగి ఆ అంకె చూశాడు, తర్వాత మమ్మల్ని చూశాడు. అంత పెద్దమనిషి ముఖంలో అంత చిన్నపిల్లవాడి భయం నేనెప్పుడూ చూడలేదు. మజ్జిగ ఎవరూ తాగలేదు. చక్రాల కింద కాటాలు పెట్టనేలేదు.

అనంతపురంలో చూపించాం, అక్కడివాళ్లు బెంగుళూరు పొమ్మన్నారు. కడుపులో గడ్డ. అది అప్పటికే పక్కకు పాకింది. ముందే వచ్చి ఉంటే అని డాక్టరు అనలేదు. మంచి మనిషి. అనకపోయినా ఆ మాట మా ముగ్గురికీ వినబడింది. కారిడార్‌లో బెంచీ మీద కూర్చుని నేను ఒకటే ఆలోచించాను. ఆ రెండు సంచుల్లో ఇసుక పోసి ఉంటే, ఇటుకలు పెట్టి ఉంటే, కనీసం పోయినేటి ఎండుకాయ నింపి ఉంటే, రెండో ఆదివారమో మూడో ఆదివారమో పలక పైకి లేచేది. మేం బావ పక్కన నిలబెట్టినది కూడా ఆయనతో పాటే, ఆయనంత మెల్లగా, ఆరుతూ వచ్చింది. అక్క మాత్రం ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. బావ టవలు మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

మాఘం ట్రాక్ డే పోయింది. కానీ బావ కారును వదల్లేదు. బెంగుళూరులో మందు ఎక్కించుకుని వచ్చిన నాలుగైదు రోజులు మంచం మీద ఉండేవాడు, లేవగానే షెడ్డులోకి వచ్చేవాడు. తన బరువు మారింది కాబట్టి కారు కుదర్పు కూడా మారాలనేవాడు. మళ్లీ తక్కెడ. ఈసారి కాయ పోయడం కాదు, తీయడం. బావ ఒక పలక మీద కూర్చుంటే, అక్క ఎదుటి మూట విప్పి, చేటలోకి గుప్పెడు గుప్పెడు తీసేది. పలకలు సమానం కాగానే బావ "చాలు" అనేవాడు. ఆమె మూట కట్టేసేది. ముందు కింది బావ సడలిపోయాడు, తర్వాత పై బావకు కూడా బెల్టు బిగించాల్సి వచ్చింది. తీసిన కాయను అక్క కూరలో వేయలేదు, అమ్మలేదు. విడిగా ఒక డబ్బాలో పోసి పెట్టింది. నేను మర ఒక చుట్టు తిప్పి ఎత్తు చూసేవాణ్ణి. ఎందుకంటే అప్పటికి స్పానరు నా చేతికి వచ్చేసింది. ఆ సంగతి మేమిద్దరం గమనించాం, ఇద్దరం ఏమీ అనుకోలేదు.

వేసవిలో ఒక పొద్దున, మంచి ఓపిక ఉన్న రోజు, బైపాసు మీదకు పోదామన్నాడు. అక్క కూడా వచ్చి ముందు సీటులో కూర్చుంది. నేను రోడ్డు పక్కన గట్టు మీద నిలబడ్డాను. బావ దూరం నుంచి వేగంగా వచ్చి వంపులోకి దించాడు. కారు ఒరగలేదు, ముక్కు బయటికి పోలేదు. గీత గీసినట్టు, వంపు ఎంతుందో అంతే తిరిగింది. చిత్తూరు దగ్గర టీ బల్ల మీద నీళ్లతో గీసిన గీత అదే. నాకు అరవాలనిపించింది. కారు కొంచెం దూరం పోయి ఆగిపోయింది, ఎంతసేపటికీ వెనక్కి రాలేదు. పరుగెత్తుకుంటూ పోయాను. బావ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. "అది తిరుగుతాందిరా, బాగా తిరుగుతాంది. నాకే చేతుల్లో సత్తువ లేదు" అన్నాడు. అక్క దిగి, అటు పక్కకు వచ్చి, తలుపు తీసి ఆయన్ను దించింది. ఇంటికి నేను నడిపాను. చెన్నై మాట ఆ తర్వాత ఎవరం ఎత్తలేదు.

చివరి రోజుల్లో ఒకసారి నన్ను పిలిచి మంచం పట్టె మీద కూర్చోమన్నాడు. గొంతు పీలగా అయిపోయింది. "మూటలు మళ్ల నింపండి. ఆరిన కాయతో నింపి కాటా మీద తూచండి. డెబ్బై ఎనిమిది ఉండల్ల. స్ప్రింగులు దానికి పెట్టు" అన్నాడు. ఎందుకు బావా అన్నాను. "కారు నాకు కుదరల్లని గదా ఇంత చేసినాం. ఈ మనిషికి కాదు" అన్నాడు. అక్క డబ్బాలో దాచిన కాయ తెచ్చి పోసింది, చాలనిదానికి గాదెలోని కాయ వేసింది. నేను మండీ నుంచి కాటా తెచ్చి తూచాను. సీటులో మూటలు పెట్టి బావను కిటికీ దగ్గర కూర్చోబెడితే, అక్కడి నుంచి షెడ్డులోకి చూస్తూ ఉండేవాడు. ఒకప్పటి తనంత మనిషి తన కారులో కూర్చుని ఉన్నాడు. వానలు మొదలుకాక ముందే బావ పోయాడు.

ఆ ఏడు వాన పడినప్పుడు అక్క నన్ను అడగలేదు, ఎవర్నీ అడగలేదు. చెనిక్కాయ ఏడాది దాటితే విత్తనానికి పనికిరాదు. పారేయడానికి ఆమెకు మనసొప్పలేదు. రెండు మూటలూ విప్పి, కాయ ఒలిపించి, ఇంటి వెనకున్న చేనులో వేయించింది. పంట వచ్చినాక ముందు రెండు మూటలు నింపి, ఎండలో బాగా ఆరబెట్టి, "వచ్చి తూచిపో" అని ఫోన్ చేసింది. అప్పటి నుంచి బావ ఏటా వానకు చేనులోకి పోతాడు, చలికాలం తిరిగి వచ్చి కారులో కూర్చుంటాడు. ఊళ్లో వాళ్లు మొదట్లో ఏదో అనుకున్నారు. తర్వాత అలవాటుపడ్డారు.

ఈ ఆదివారం పోయేసరికి వసారాలో కాయ కుప్ప చాలా చిన్నదిగా ఉంది. ఒక మూట నిండి, రెండో మూట అడుగు మాత్రం కప్పేంత ఉంది. పోయిన వానాకాలం మా వైపు ఎట్లా గడిచిందో చెప్పక్కర్లేదు. పూత మీద ఒక్క చినుకు లేదు. "వేసినంత కూడా రాలేదురా" అంది అక్క. "రెండు మూటల మనిషిని వేస్తి. భూమి ఇంతే ఇచ్చింది." మండీలో కొనుక్కొచ్చి నింపుదామక్కా అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపులో కోపం లేదు, నా తెలివితక్కువతనానికి జాలి ఉంది. "కొనుక్కొచ్చిన కాయ ఆయన ఎట్లయితాడురా?"

ఉన్నదే నింపి తూచాను. కాటా మీద వచ్చిన అంకె నాకు తెలిసిన అంకే. ఆఖరి నెలల్లో బావ "చాలు" అంటే అక్క మూట కట్టినప్పటి బరువు ఇంచుమించు అదే. చెప్పకూడదనుకున్నాను కానీ, ఆమె నా ముఖంలో చదివేసింది. కాసేపు మూట మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత, "స్ప్రింగులు సడలించు. అప్పుడు మనిషి తగ్గితే కారునే మార్చుకుంటిమి గదా. ఇప్పుడూ అంతే" అంది. నేను షెడ్డులోకి పోయి, మోకాళ్లు పట్టేసినా కింద కూర్చుని, తుప్పు పట్టిన మర కుడి పక్క రెండు చుట్లు దించాను. పై బావను కూర్చోబెట్టి బెల్టు వేశాం. కింది బావ వట్టి సంచి. అక్క దాన్ని మడిచి అతని కాళ్లుండే చోట పెట్టింది. "వాన పడితే మళ్ల లావెక్కుతాడులే" అంది. నేను కారు అద్దం తుడుస్తున్నట్టు అటు తిరిగి ఏడ్చాను.

తర్వాత వసారాలో కూర్చుని మజ్జిగ తాగుతుంటే, "నువ్వు చిక్కినావురా" అంది. నువ్వే చిక్కినావక్కా, గాజులు చూడు యాడికి జారుతాండాయో అన్నాను. నేను కాదు నువ్వంటే నువ్వని కాసేపు వాదులాడుకున్నాం. చివరికి ఆమె లేచి, బూజు దులిపి, తక్కెడ పలక మీద కూర్చుంది. ఎదుటి పలక మీద నేను కూర్చున్నాను. గొలుసులు కిర్రుమన్నాయి. నా పలక రవ్వంత పైన ఆగింది. అక్క చెయ్యి చాపి, కింద రాలిన కాయ గుప్పెడు ఏరి, నా ఒళ్లో వేసింది. పలకలు రెండూ సమానంగా నిలబడ్డాయి, బావ మమ్మల్ని కూర్చోబెట్టిన రోజున నిలబడ్డట్టే. "చూడు, ఏమీ మారలేదు, సరిపోయినాం" అని నవ్వింది. నేనూ నవ్వాను, ఆమె మోచేతి దాకా జారిన గాజుల వంక చూడకుండా. కాలం మా ఇద్దరినీ ఒకే ఎండలో ఆరబెడుతోంది, అందుకే ఏటా ఒకరికొకరం సరిపోతూనే ఉన్నాం.